బుడ్డోడు పడుకున్నాడు

మా మనవరాల్ని ఇంట్లో అందరం పిచ్చుక అంటాం. పెట్టిన పేరు వేరే ఉందిలెండి, అది బడికీ ఆఫీసుకీ. ఒకచోట కుదురుగా ఉండే ఘటం కాదు. పళ్లు తోముకుంటూ ఇల్లంతా తిరుగుతుంది. కంచం ముందు కూర్చుంటే నాలుగు ముద్దలు తిని లేచి కిటికీ దాకా వెళ్లి వస్తుంది. చిన్నప్పుడు దాగుడుమూతలు ఆడితే దాక్కున్నచోట ఉండలేక, వెతికేవాళ్లు కళ్లు తెరవకముందే తనే బయటికొచ్చి "ఇదిగో, ఇక్కడున్నా" అనేది. తోటిపిల్లలు దాంతో ఆడమని మొరాయించేవారు. అలాంటి పిల్ల పొద్దస్తమానం కుర్చీలో కూర్చునే ఉద్యోగంలో చేరిందంటే నేనే నమ్మలేదు.

దాని ఉద్యోగం ఏమిటో నా బుర్రకెక్కడానికి చాలా రోజులు పట్టింది. తెరమీద ఆడుకునే ఆటలు తయారుచేసే ఆఫీసు అది. వాళ్లు చేస్తున్న ఆటలో ఓ టోపీ పిల్ల ఊరూరూ తిరుగుతూ వింత జంతువుల్ని పోగుచేస్తుంటుంది. గాలం వేసి పట్టుకుంటే ఆ జంతువు మనదైపోతుంది, మన వెనకాలే నడుస్తుంది, మన తరఫున పోట్లాడుతుంది. ఆ ఆటలో మా పిచ్చుక వంతుకి వచ్చింది ఒక చీకటి గుహ, ఆ గుహ దాటాక తగిలే దెయ్యాల ఊరు. రాయి రాయీ, తలుపు తలుపూ తనే గీసింది, తనే పేర్చింది. ఇంట్లో నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, గోడమీద వేలితో ఏదో గీసుకునేది. "ఏమ్మా, గోడకి దురదా?" అంటే "దారి అమ్మమ్మా, దారి" అనేది.

వచ్చిన చిక్కల్లా ఆ దారితోనే. ఆట ఎలా ఉందో చూడ్డానికి వీళ్లు బయటినుంచి మనుషుల్ని పిలిచి ఆడిస్తారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే గుహ నడిమధ్యలో రిమోట్ పడేసి లేచిపోతున్నారట. చీకటి అంటారు, విసుగు అంటారు, కళ్లు లాగుతున్నాయంటారు. గుహే దాటనివాడు అవతలి ఊరేం చూస్తాడు? వాళ్ల పై అధికారి ఒకాయన ఉన్నాడు. మాట్లాడేటప్పుడు మన మొహం బదులు తన చేతి గడియారం చూస్తాడు కాబట్టి పిచ్చుక ఆయన్ని గడియారం సారు అంటుంది. ఆయన తేల్చి చెప్పేశాడు. ఇంకొక్కసారి ఆడించి చూద్దాం, ఈసారీ లేచిపోతే గుహా వద్దు, ఊరూ వద్దు, రెండూ చెరిపేసి అక్కడో వంతెన వేసేద్దాం అని.

"వంతెనంట అమ్మమ్మా! నా ఊరు మీద వంతెనంట! అటునుంచి ఇటు పరుగెత్తుకుంటూ పోతారంట!" అని ముందురోజంతా ఇంట్లో అటూ ఇటూ తిరిగి తిరిగి మా కళ్లు తిరిగేలా చేసింది.

మర్నాడు పొద్దున్న ఆ హడావుడిలో కళ్లజోడు మర్చిపోయి పోయింది. అది లేకపోతే ఎదురుగా ఏనుగొచ్చినా పక్కింటివాళ్లొచ్చారనుకుంటుంది. మా అమ్మాయి పనికెళ్లిపోయింది, ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. జోడు చీరకొంగున ముడేసుకుని బస్సెక్కాను. బస్సులో నా పక్కన ఓ దర్జీ ఆయన కూర్చున్నాడు, దిగేలోపు వాళ్ల వియ్యపురాలి మోకాలినొప్పి దాకా చెప్పాడు. ఆ కథ మరోటిలెండి.

ఆఫీసు గుమ్మంలోనే పిచ్చుక ఎదురైంది. జోడు పెట్టుకుందో లేదో మళ్లీ నడక మొదలు.

"ఏమే, మొహం అలా పీక్కుపోయింది?"

"రావాల్సిన మనిషి రాలేదు అమ్మమ్మా. జ్వరమంట. ఇవాళ ఆడించకపోతే సారు ఆగడు. వంతెన బొమ్మ గియ్యమని అప్పుడే ఒకడికి చెప్పేశాడు."

ఇంతలో ఆడించి చూసే పని చేసే అమ్మాయి వచ్చింది. చేతులు వెనక్కి కట్టుకుని, గొంతు పెంచకుండా మాట్లాడుతుంది. అచ్చం బళ్లో పంతులమ్మలాగే. నన్ను ఎగాదిగా చూసింది.

"మామ్మగారూ, మీరెప్పుడైనా ఇలాంటి ఆటలు ఆడారా?"

"నేను ఆడింది గచ్చకాయలు తల్లీ."

"ఆట మొహం చూడని మనిషి కావాలన్నారు సారు. ఇంతకన్నా ఎక్కడ దొరుకుతారు?" అంది పంతులమ్మ.

"అయ్యో, ఆవిడ మా అమ్మమ్మండీ!" అంది పిచ్చుక.

"అయితే ఏం? నువ్వు నోరు విప్పనంతవరకూ ఎవరైనా ఒకటే."

అలా నన్ను లోపల కూలేశారు. గది చిన్నదే. ఒక సోఫా, ఎదురుగా తలుపంత తెర, మంచినీళ్ల సీసా. పక్కగోడకి పెద్ద అద్దం. అద్దంలో నాకు నా మొహమే కనిపిస్తుంది గానీ, అవతలి గదిలో కూర్చున్నవాళ్లకి నేను కనిపిస్తానట, నా మాట వినిపిస్తుందట. పిచ్చుక అక్కడ కూర్చుంటుంది. కూర్చోవడం అన్నానా, నిలబడుతుంది.

పంతులమ్మ షరతులు చెప్పింది. తయారుచేసినవాళ్లు ఈ గదిలో అడుగుపెట్టకూడదు, సైగ చెయ్యకూడదు. బయటినుంచి ఒక్క మాట సాయం అందినా ఆ ఆడినది లెక్కలోకి రాదు. రేపు ఆట కొనుక్కున్నవాళ్ల ఇంటికెళ్లి పక్కన కూర్చుని దారి చెప్పలేం కదా అంది. ఆ మాట నాకూ సబబుగానే అనిపించింది.

"ఇక మీరు చెయ్యాల్సింది ఒకటే మామ్మగారూ. మీ మనసులో ఏం అనిపిస్తే అది పైకి అనేస్తూ ఉండాలి. ఆపకూడదు."

"అంటే నోరు మూసుకోకుండా ఉండాలా?"

"అంతే."

"ఆ ఉద్యోగమేదో నా చిన్నప్పుడే ఇచ్చుంటే ఈపాటికి నీ పైన ఆఫీసరమ్మని అయ్యుండేదాన్ని కదే తల్లీ."

పంతులమ్మ నవ్వు ఆపుకుంటూ రిమోట్ నా చేతిలో పెట్టింది. దానికి ఇటో పుల్ల, అటో పుల్ల. ఒకటి తిప్పితే పిల్ల నడుస్తుంది, రెండోది తిప్పితే పిల్ల తల తిప్పి చూస్తుంది. ముందు నేను రెండూ కలిపి తిప్పేసరికి పాపం ఆ టోపీ పిల్ల పూనకం వచ్చినట్టు ఊగిపోయింది. కాసేపటికి దారిలో పడ్డాను.

గుహ గుమ్మంలో నాకో జంతువునిచ్చారు. ఇంత ఉంటుంది, గుమ్మడికాయలా గుండ్రంగా. పొట్టి కాళ్లు. తోక చివర దీపం. ఆటలో దానికేదో పేరుంది, తెరమీద రాసి కూడా చూపించారు, నేను కూడబలుక్కుని చదివేలోపు పోయింది. నేను బుడ్డోడు అన్నాను. వాడు నా వెనకాల తపతప నడుస్తుంటే వాడి తోక వెలుగు పడినంతమేరే దారి కనిపిస్తుంది. ఆ వెలుగు అవతల అంతా కాటుక.

లోపల అడుగుపెట్టగానే చెవుల్లో నీళ్ల చప్పుడు. పైనుంచి బొట్టు బొట్టు. ఎక్కడో దూరంగా ఏదో గోకుతున్న చప్పుడు. అది బొమ్మ అని తెలుసు, అయినా నా కాళ్లు సోఫా మీదికి వాటంతటవే వచ్చేశాయి.

"అమ్మో, ఇదేం చోటే, మనిషన్నవాడు రావాల్సిన చోటేనా? బుడ్డోడా, దగ్గరగా నడువు నాన్నా. వెనకబడకు. ఆ మూల ఏదో కదిలింది. కదిలింది, నేను చూశాను. అదిగో!"

గోడనుంచి ఒకటి ఊడి మీద పడింది. తడిగుడ్డ పిండి దండెం మీద విసిరేసినట్టుంది దాని వాలకం. రెక్కలున్నాయి, కళ్లు లేవు. ఏ మీట నొక్కాలో తెలీక అన్నీ నొక్కాను. గాలం తాడు గిర్రున తిరిగి వెళ్లి దాని మెడకి చుట్టుకుంది. గంట మోగింది. తడిగుడ్డ నాదైపోయింది.

"దీన్నేం చేసుకోను? ఎక్కడ ఆరేసుకోను?" అన్నాను. అద్దం అవతల ఎవరో కిసుక్కున నవ్వారు.

ఇంకొంచెం ముందుకెళ్తే రాళ్లు తినే జంతువొకటి దారికడ్డంగా కూర్చుని కటకటా నములుతోంది. దాన్నీ పట్టాను. పట్టాక అది నా వెనక నడుస్తూ కూడా నములుతూనే ఉంది. మా ఆడపడుచు గుర్తొచ్చింది. ఆవిడా అంతే, పెళ్లిచూపుల్లో కూడా నమలడం ఆపలేదు. ఆ మాటే పైకి అన్నాను. మనసులో అనిపించింది అనమన్నారు కదా.

అలా తడిగుడ్డనీ రాళ్లమేతనీ వెంటేసుకుని, ముందు బుడ్డోణ్ని పెట్టుకుని మలుపు తర్వాత మలుపు తిరుగుతూ పోయాం. ఒక మలుపు తిరిగితే గోడ. వెనక్కొస్తే ఇందాక వచ్చిన దారి ఇది కాదేమో అనిపిస్తుంది. కింద అగాధం, పైన రాతి దంతాలు. గోకుతున్న చప్పుడు ఒకసారి కుడిపక్కన, ఒకసారి వెనకాల. నా నోటికి తెరిపి లేదు. భయమేస్తుంటే మాట ఇంకా ఎక్కువవుతుంది నాకు.

అప్పుడు చూశాను, బుడ్డోడి తోక వాలిపోయింది. దీపం చిన్నదైంది. ఇందాక పదిమందికి సరిపోయే వెలుగిచ్చినవాడు ఇప్పుడు తన కాళ్లు తనకే కనపడనంత మసక. తపతప అడుగులు కాస్తా ఈడుపు అడుగులయ్యాయి.

"ఏరా, నీరసమొచ్చిందా? పొద్దుట్నుంచీ తిప్పుతున్నాను కదూ నిన్ను. వీడికి తిండేమైనా పెడతారా ఈ ఆటలో? ఏ మీట నొక్కితే పెట్టొచ్చో చెప్పరేం?" అని అన్నీ నొక్కాను. తిండి రాలేదు. సరే అని పుల్ల వదిలేశాను. పిల్ల నిలబడింది. వెనక అందరూ నిలబడ్డారు.

బుడ్డోడు నా కాళ్లదగ్గరికొచ్చి గుండ్రంగా రెండు చుట్లు తిరిగి, తోక పొట్టకింద పెట్టుకుని ముడుచుకున్నాడు. దీపం ఆరిపోయింది. తెరంతా నలుపు. ఆ నలుపులోంచి సన్నగా గురక వినిపించింది.

ఇంక నేనేం మాట్లాడతాను? నలుగురు పిల్లల్ని కన్నాను, ఆ పిల్లల పిల్లల్ని ఒళ్లో పెంచాను. పసివాడు కళ్లు మూశాక గదిలో పెదవి కదిపే అలవాటు నాకు లేదు. మా ఇంట్లో ఆ గట్టి నియమం పెట్టింది నేనే. పిల్ల నిద్రపోతుంటే చెంచా కింద పడేసినవాణ్ని కూడా చూపుతోనే చంపేదాన్ని. పైకి మాట్లాడాలన్న షరతు నాకు గుర్తు లేకపోలేదు. గుర్తున్నా నోరు రాలేదు. రిమోట్ ఒళ్లో పెట్టుకుని, చీకట్లోకి చూస్తూ, వాడి గురక వింటూ కదలకుండా కూర్చున్నాను.

నాకైతే హాయిగానే ఉంది. అద్దం అవతల మాత్రం కొంప మునిగినట్టయిందని తర్వాత తెలిసింది. నేను మెలకువగా ఉండి మాట్లాడకుండా ఉండటం మా పిచ్చుక పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. తెర నల్లగా ఉంది. మనిషి ఉలకదు, పలకదు. ముందు "దారి తప్పింది" అనుకుందట. తర్వాత "రిమోట్ పడేసి లేచిపోతుంది, ఈవిడా లేచిపోతుంది" అనుకుందట. అప్పటికీ నేను లేవకపోయేసరికి "అమ్మమ్మకేదో అయింది" అనుకుందట. పంతులమ్మ చెయ్యి పట్టుకుని ఆపబోతే విదిలించుకుంది.

తలుపు ధడాలున తెరుచుకుంది.

"అమ్మమ్మా! ఏమైంది? పలకవేం? కుడివైపు, కుడివైపు దారుంది, అటు వెళ్లు! అమ్మమ్మా, గుండెల్లో ఏమైనా..."

"ష్!" అన్నాను వేలు పెదాలమీద పెట్టి. "అరవకే. బుడ్డోడు పడుకున్నాడు."

అది నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే చీకట్లో చిన్న ఆవలింత. ఓ మిణుకు. తోక పైకి లేచింది. అంతే, గుహ గుహంతా పెళ్లిపందిరిలా వెలిగిపోయింది. అంతవరకూ కనపడని గోడలమీద ఎవరో గీసినట్టు జంతువుల బొమ్మలు, కుడిపక్కన రాళ్ల సందులో నడిచే దారి, అన్నీ కనిపించాయి.

"వాడు లేచాడు చూశావా? కాస్త కునుకు తియ్యనిస్తే చాలు పాపం" అన్నాను.

పిచ్చుక నేలమీద చతికిలబడింది. పంతులమ్మ గుమ్మంలోకొచ్చి నిలబడింది. తను వేరే చెప్పక్కర్లేదు. తయారుచేసిన మనిషి గదిలోకొచ్చింది, నోరు విప్పింది, దారి కూడా చెప్పేసింది.

"చెల్లదు కదూ?" అంది పిచ్చుక.

"చెల్లదు" అంది పంతులమ్మ. ఆ పిల్ల గొంతులో కూడా బాధే ఉంది. "ఇంకాసేపు ఆగివుంటే..."

"తెలుసండీ. తెలుసు."

అప్పుడు చెప్పింది నాకు. నిలబడితే ఆ జంతువు పడుకుంటుంది, పడుకుంటే వెలుగు ఆరుతుంది, లేస్తే రెట్టింపు వెలుగుతో లేస్తుంది. ఆ గుహ కిటుకంతా అదే. తనే అలా కట్టింది. ముందే చెప్పేస్తే ఆటేముంది, ఎవరికివారు కనుక్కోవాలని ఎక్కడా రాయలేదు. వచ్చినవాళ్లేమో వెలుగు తగ్గేకొద్దీ ఇంకా పరుగులు పెట్టి, చీకట్లో గోడలు గుద్దుకుని, తిట్టుకుంటూ పోతున్నారు. నిలబడిన మొదటి మనిషిని నేనేనట. నిలబడగానే తనే వచ్చి అల్లరి చేసింది.

"గడియారం సారుకి ఈ కిటుకు తెలుసా?" అన్నాను.

"ఎవరికీ తెలీదు. అడిగినా చెప్పలేదు."

పంతులమ్మ సారుని పిలవడానికి వెళ్లింది. పిచ్చుక లేచి తలుపుదాకా, తలుపునుంచి కిటికీదాకా తిరగడం మొదలుపెట్టింది. నేనేం చెయ్యను? పోనీ లెక్కలోకి రాకపోతే రాకపోయింది, బుడ్డోణ్ని ఆ గుహలో వదిలేసి లేవాలంటే నాకు మనసొప్పలేదు. ఆ కుడివైపు సందులోంచి నడిపించుకుంటూ బయటపడ్డాను.

బయటపడితే ఊరు. గుహే నయమనిపించింది. ఆకాశం బూడిదరంగు. వీధి బాగానే ఉంది, ఇళ్లు బాగానే ఉన్నాయి, మనిషి లేడు. దండెం మీద బట్టలు ఆరేసినవి ఆరేసినట్టే ఉన్నాయి. గాలి లేకుండా ఊగుతున్నాయి. కుర్చీ ఒకటి గుమ్మం బయట ఉంది, దానికి ఎదురుగా ఇంకోటి. ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటూ లేచి వెళ్లినట్టు. తడిగుడ్డ వచ్చి నా టోపీలో దూరింది. రాళ్లమేత నమలడం మానేసింది. అది చూసి నాకు నిజంగా వణుకొచ్చింది.

"మనుషులేరే?" అన్నాను.

"వెళ్లిపోయారు" అంది పిచ్చుక నడుస్తూనే. "జంతువుల్ని వదిలేసి వెళ్లిపోయారు. అవి ఇంకా ఇళ్లల్లోనే ఉన్నాయి, కంటికి కనపడవు. అంతే, ఇంకేం చెప్పను."

ఇల్లొకటి చూసి తలుపు కొట్టాను. పలకలేదు. ఇంటివాళ్లు వచ్చేదాకా గుమ్మంలో నిలబడటం మర్యాద కాబట్టి నిలబడ్డాను. లోపల గోళ్ల చప్పుడు, గచ్చుమీద పరుగెత్తుకొస్తున్నట్టు. తలుపు కిందనుంచి ముక్కు ఒక్కటే బయటికొచ్చింది. మొహం లేదు, ఒళ్లు లేదు, ఉత్త ముక్కు! వాసన చూసింది. కెవ్వుమన్నాను. ఆ కేక నేను నా మొదటి కాన్పులో కూడా పెట్టలేదు.

ఆ కేకకే గడియారం సారు పరుగున వచ్చాడు. పెద్ద వయసేం కాదు, మా చిన్నబ్బాయి ఈడు. చేతిలో ఫోను, చూపు గడియారం మీద.

"ఏంటీ గోల? ఎవరికేమైంది? ఈవిడెవరు?"

పంతులమ్మ జరిగింది చెప్పింది. కిటుకు సంగతి ఎత్తలేదు, ఆట నలుపైంది, ఈవిడ ఆగింది, ఈ అమ్మాయి లోపలికొచ్చింది అంది, అంతే.

"అంటే ఇవాళ కూడా దండగ" అన్నాడాయన. "చూడమ్మా, నువ్వు చేసిన గుహ మీద నీకే నమ్మకం లేదు. ఆవిడ నిలబడితే నువ్వు పరిగెత్తావు. మరి బయటివాడు ఎందుకు నిలబడతాడు చెప్పు? వంతెన వేసేద్దాం. నీకు నది గట్టు ఇస్తాను, చెట్లు గీసుకో."

పిచ్చుక మొహం చూడలేకపోయాను. తిరుగుతున్నది ఆగిపోయింది.

"ఆవిడ దాటింది సార్. నేను రాకపోయినా దాటేది."

"మరెందుకొచ్చావు?"

"ఆవిడ మాట్లాడ్డం ఆపేసింది సార్. మా అమ్మమ్మ... ఎప్పుడూ ఆపదు."

"అసలు చీకట్లో ఎందుకు నిలబడ్డారావిడ?"

పిచ్చుక చెప్పబోయింది. నేను దాని జడ పట్టుకుని ఒక్క లాగు లాగాను.

"బాబూ," అన్నాను, "ఆ గుహలోకి నువ్వెప్పుడైనా వెళ్లావా?"

"నేను అందరూ ఆడినవీ చూశానండీ. రోజూ చూస్తాను."

"చూశావు. నువ్వు ఆడావా అని."

"నాకంత తీరిక ఎక్కడిదండీ మామ్మగారూ?"

"నాకు మాత్రం ఉందా? పొయ్యిమీద పప్పు పెట్టి వచ్చాను" అన్నాను. అబద్ధమే, పప్పు లేదు పాడు లేదు. "చెరిపేసేవాడివి ఒక్కసారి కాళ్లారా తిరిగి చెరిపెయ్యి నాయనా. ఇల్లు కూల్చేముందు కూడా లోపల ఎవరైనా ఉన్నారేమో అని చూస్తారు."

ఆయన గడియారం చూసుకున్నాడు. పంతులమ్మని చూశాడు. ఆ పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని, "షరతులు మీకూ అవే సార్, ఎవరూ ఏమీ చెప్పరు" అంది మెల్లగా. అందులో కొంచెం ఎగతాళి ఉందో ఏమో, ఆయన కోటు విప్పి సోఫామీద పడేసి కూర్చున్నాడు.

"భోజనాల వేళదాకా. ఆ తర్వాత వంతెన" అన్నాడు.

నా ఆట విడిగా దాచిపెడతామని మాటిచ్చాకే రిమోట్ ఇచ్చాను.

ఇక ఈసారి అద్దం అవతల నేనూ పిచ్చుకా. అవతలినుంచి చూస్తే ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఆయన నడక చూస్తే నాకే ఆయాసమొచ్చింది. అగాధం అంచులమీద కూడా పరుగే. బుడ్డోడు వెనకాల పొట్టికాళ్లతో ఎగురుకుంటూ, దొర్లుకుంటూ వస్తున్నాడు. తడిగుడ్డ మీద పడితే గాలం వెయ్యకుండా తప్పించుకుని పోయాడు. రాళ్లమేతని పక్కకి తోసేశాడు.

"పసివాణ్ని అలా ఈడుస్తారా ఎవరైనా!" అన్నాను.

"వినపడుతుంది అమ్మమ్మా!" అని పిచ్చుక నా నోరు మూసింది. నా నోరు అది, దాని నోరు నేను, అలా ఒకరిదొకరం మూసుకుని నిలబడ్డాం. పంతులమ్మ మా ఇద్దర్నీ చూసి కుర్చీ తెచ్చి తలుపుకి అడ్డంగా వేసుకుని కూర్చుంది.

బుడ్డోడి తోక వాలింది. దీపం సన్నగిల్లింది. సారు ఇంకా జోరు పెంచాడు. దీపం కొడిగట్టింది. గోడ గుద్దుకున్నాడు. వెనక్కి తిరిగి ఇంకో గోడ గుద్దుకున్నాడు. "ఎవడు చేశాడిది! ఇక్కడ దారెక్కడ? ఇందాక ఇక్కడే కదా..." అని పళ్లు కొరుకుతున్నాడు. ఎన్ని గోడలు గుద్దుకున్నాడో, నిలబడడం అన్న ఆలోచనే రాలేదు ఆ మహానుభావుడికి. నా అరచెయ్యి కింద పిచ్చుక పెదాలు వణుకుతున్నాయి. ఒక్క మాట చాలు. "ఆగండి" అంటే చాలు. అది నా చెయ్యి కొరికింది గానీ ఆ మాట అనలేదు. నాకెంత నొప్పిగా ఉన్నా నేనూ అరవలేదు. నా జన్మలో నేను పడిన అతిపెద్ద కష్టం అదే. కాన్పులు కూడా అంత కష్టం అనిపించలేదు.

"ఇంక నావల్ల కాదు" అన్నాడు సారు. రిమోట్ సోఫామీద గిరాటేశాడు. లేవబోయాడు.

పిచ్చుక కళ్లు మూసుకుంది.

అప్పుడు ఆయన ఫోను మోగింది. నిలబడ్డవాడు మళ్లీ కూర్చుని ఫోను చెవిన పెట్టుకున్నాడు. అవతల వాళ్లావిడ కాబోలు. "ఆఁ... ఆఁ... చెప్పాను కదా... లేదు, ఆ రంగు వద్దు... కిటికీ తెరలకి ఏ రంగైతే ఏంటి..." అంటున్నాడు. తెర పూర్తిగా నలుపైంది. ఆయన అటు చూడటమే లేదు. చేతి గడియారం చూసుకుంటూ, కాలు ఆడిస్తూ, తెరల రంగు గురించి మాట్లాడుతున్నాడు.

గురక మొదలైంది. మా గదిలో ముగ్గురం ఊపిరి బిగబట్టాం.

"సరే, నీలం కొను... ఆగు. ఆగాగు. ఏదో చప్పుడొస్తోంది. ఎవరో గురకపెడుతున్నారు" అన్నాడాయన. సోఫా కిందకి తొంగి చూశాడు. వెనక్కి చూశాడు. అప్పటికి గానీ తెర గుర్తురాలేదు. నల్లటి తెరకేసి మెడ చాపాడు. ఫోను చెవిదగ్గరే ఉంది గానీ అందులో ఆవిడ ఏమంటోందో ఆయనకి వినపడటం లేదని ఇటునుంచి చూసే మాకే తెలుస్తోంది.

ఆవలింత. మిణుకు. తోక లేచింది.

గుహంతా వెలిగేసరికి ఆ వెలుగు ఆయన మొహం మీద కూడా పడింది. పాపం, చిన్నపిల్లాడి మొహం. "నేను మళ్లీ చేస్తాను" అని ఫోను పెట్టేశాడు. రిమోట్ తీసుకోవడానికి సోఫా అంతా తడుముకున్నాడు. అది తన కోటు కిందే ఉంది.

"నువ్వు... పడుకున్నావా?" అన్నాడు బుడ్డోడితో.

పిచ్చుక నా భుజంమీద తల పెట్టేసింది. ఏడుస్తోందో నవ్వుతోందో నేను చూడలేదు, చూస్తే నేనేదో ఒకటి అనేస్తానని భయం.

ఆ తర్వాత కూడా ఆయన పరుగు పూర్తిగా మానలేదు. పరుగెత్తడం, తోక వాలగానే టక్కున ఆగడం, వేళ్లతో సోఫామీద తాళం వేస్తూ నిద్ర లేచేదాకా చూడటం. భోజనాల వేళ ఎప్పుడో దాటిపోయింది. ఎవరో తలుపు తోసి "సార్, వంతెన గీశాను, చూస్తారా?" అంటే, అటు తిరక్కుండానే చెయ్యి ఊపి పొమ్మన్నాడు.

ఊళ్లోకి అడుగుపెట్టాక ఊగుతున్న బట్టల్ని చూసి ఒకడుగు వెనక్కేశాడు. మొదటి ఇంటి తలుపు కొట్టి, ఆగకుండా రెండోదానికి పరుగెత్తాడు. దాన్నీ కొట్టి మూడోదానికి. కొట్టిన ప్రతి ఇంట్లోనూ గోళ్ల చప్పుళ్లు తలుపుదాకా వస్తున్నాయి, ఈయన అప్పటికే పక్కింటికి పోతున్నాడు. వీధంతా లోపలినుంచి మూలుగులు మొదలయ్యాయి. పిలిచి నిలబడకుండా పోతున్నాడని అవి అలిగినట్టు.

"అమ్మో," అన్నాడు గట్టిగా, ఒళ్లు జలదరించి. తర్వాత అద్దం వైపు తిరిగాడు. ఆయనకి మేం కనపడం, అయినా సూటిగా మా వైపే చూస్తూ అన్నాడు:

"వినండి. ఈ గుహ జోలికీ ఈ ఊరి జోలికీ ఎవరూ పోకండి. వంతెన సంగతి మర్చిపొమ్మనండి. అర్థమైందా? ఇంతకీ, ఏమ్మా, తలుపు కొట్టాక ఏం చెయ్యాలి ఇక్కడ?"

పిచ్చుక ఆత్రంగా నోరు తెరిచింది. పంతులమ్మ తల అడ్డంగా ఊపింది. అది నోరు మూసేసుకుని, పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎవరైనా చెప్పండయ్యా!" అన్నాడు సారు.

ముగ్గురం ఆడవాళ్లం ఆకలితో కడుపు పట్టుకుని కూర్చున్నాం గానీ ఒక్కరమూ పలకలేదు.